అమ్మోరు తోలే బండి

పోయిన వారం వరహాలుని సాలూరు ట్రావెలర్సు బంగళా మెట్ల మీద నిలబెట్టి వదిలేశాం. చదివే మీకు ఏడు రోజులు గడిచాయి గానీ అతనికి ఏడు నిమిషాలు కూడా గడవలేదు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని, చేతులు కట్టుకుని, ఇంకా అక్కడే ఉన్నాడు.

కథ మధ్యలో అందుకునేవారికి రెండు ముక్కలు చెప్పుకుందాం. బస్రా వరహాలు అంటే సాలూరు నుంచి పొట్టంగి దాకా ఎరగనివాళ్ళు లేరు. మహాయుద్ధంలో బస్రా పోయి మోటారు తోలడం నేర్చుకొచ్చిన మనిషి. సాలూరు స్టేషను దగ్గర ఉప్పూ, కిరసనాయిలూ ఎక్కించుకుని, పాచిపెంట దాటి, సుంకి ఘాటీ దారిన కొండ ఎక్కి, దిగేటప్పుడు చింతపండూ పసుపూ తెచ్చే సాహుకారు లారీకి ఆరేళ్ళపాటు అతనే డ్రైవరు. పోయిన శ్రావణమాసంలో ఘాటీ మీద కొండజ్వరం ముంచుకొచ్చింది. ఆ వేళ క్లీనరు కూడా లేడు. స్పృహ తప్పేలోపల తానే బ్రేకు తొక్కి బండి ఆపానని వరహాలు చెబుతాడు. సుక్రు అనే కొండవాడు అతన్ని వీపున వేసుకుపోయి, తొమ్మిది రోజులు తన గుడిసెలో ఉంచుకుని, చావు నోట్లోంచి లాగి ఇచ్చాడు.

కొండ కింద ఠాణాలో జమేదారు 'మూర్ఛ వచ్చి పడిపోయినాడు' అని ఒక కాగితం రాసి పైకి పంపాడు. మన భాషలో ఎండదెబ్బకి సోలిపోయినా మూర్ఛే, కాళ్ళూ చేతులూ కొట్టుకుని నురగలు కక్కినా మూర్ఛే. ఇంగ్లీషులో ఆ రెంటికీ వేరువేరు మాటలున్నాయి. కచేరీలో గుమస్తా పంతులు కలం రెండో మాట మీద పడింది. వరహాలు లైసెన్సు పోయింది. ఏడు నెలలుగా ఒకప్పుడు తాను తోలిన బండికి ఉప్పు మూటలు మోస్తున్నాడు. ఇప్పుడు పోలీసు దొరవారు సాలూరులో మకాం వేసి మళ్ళీ విచారణ పెట్టారు. సాక్షి సుక్రు. 'ఎవుల్ని పిలిసినా పిలు గానీ సుక్రుని మాత్రం పిలవకు' అంది వరహాలు పెళ్ళాం రాజులమ్మ. ఎందుకంటే చెప్పలేదు. అక్కడ ఆగాం.

దొరవారు వరండాలో పేము కుర్చీలో కూర్చుని మడతబల్ల మీద కాగితాలు పరుచుకున్నారు. అన్నిటికంటే పైన డాక్టరు సర్టిఫికెట్టు ఉంది. చూపు బాగుంది, చెవులు బాగున్నాయి, చేతుల్లో సత్తువ ఉంది, అని రాసి ఆ డాక్టరు చివర ఒక ముక్క తగిలించాడు. ఫిట్సు అనేది మనిషిని పరీక్ష చేస్తే కనపడే జబ్బు కాదు, వచ్చినప్పుడు పక్కనున్నవాడు చెప్పాల్సిందే, అని. అందుకే ఇప్పుడు వరహాలు బతుకంతా వచ్చి ఒక కొండవాడి నాలుక మీద కూర్చుంది.

దొరవారి పక్కన ముక్కాలిపీట మీద పంతులుగారున్నారు. ఆయన చెడ్డవాడని చెబితే కళ్ళు పోతాయి. వేళకి వస్తాడు, వేళకి వెళతాడు, ఎవరి దగ్గరా చెయ్యి చాపడు. కాకపోతే తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మూర్ఛని ఇంగ్లీషులోకి దింపింది తనే గనక, ఆ కుందేటికి నాలుగో కాలు మొలిపించడానికి వచ్చిన వరహాలంటే ఆయనకి పొద్దున్నుంచీ చిరాగ్గా ఉంది.

సుక్రు వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. గోచీ, భుజాన ముతక దుప్పటి, చెవి మీద ఆర్పి దాచుకున్న చుట్ట. గొడ్డలి గేటు దగ్గరే వదిలేసి రమ్మంటే వదిలేశాడు గానీ మాటిమాటికీ వెనక్కి తిరిగి దాన్ని చూసుకుంటున్నాడు. ముందు వరహాలుకి దణ్ణం పెట్టి ఆ తరవాత దొరవారికి పెట్టాడు. పంతులుగారికి అది కూడా నచ్చలేదు.

"వీణ్ణి ఎరుగుదువటోయ్?" అన్నారు, వరహాలుని చూపించి.

"ఎరగనేటి బాబూ? ఈ ఈపు మీదే కదా మోసినాను."

దొరవారు ఇంగ్లీషులో ఏదో అన్నారు. అది వరహాలుకి అర్థమైంది. నాలుగేళ్ళు తెల్లవాళ్ళ కింద పనిచేసినవాడికి ఆ భాష మాట్లాడ్డం రాకపోయినా వినడం వస్తుంది. ఆ రోజు ఈ మనిషి ఏం చూశాడో, మొదట్నుంచీ చివరిదాకా, తన మాటల్లోనే చెప్పనీ అన్నారు దొరవారు. ఎండ నడినెత్తికొస్తోంది. పంతులుగారికి అంత కథ విని తర్జుమా చేసే ఓపిక లేకపోయింది.

"దొరవారు అడుగుతున్నారు. ఒక్కమాటలో చెప్పు. వీడికొచ్చింది మూర్ఛా, కాదా?"

సుక్రు ఆ మాట విని నొచ్చుకున్నాడు. తన ఇంటికొచ్చిన చుట్టాన్ని ఎవరో తిట్టినట్టు మొహం పెట్టాడు.

"మూర్సేటి బాబూ? ఈ బాబుకి మూర్సేటి? ఎవులు సెప్పినారు మీకు? మూర్స కాదు."

ఏడు నెలలుగా వరహాలు వెంట నడిచిన మాట. స్టేషన్లో తోటి కూలీలు ఎగతాళికి అన్న మాట, మూట దింపి ఒక్క క్షణం కూలబడితే చాలు, 'వచ్చిందిరోయ్' అని నవ్విన మాట. దాన్ని సుక్రు చేత్తో తీసి అవతల పారేశాడు. పిలవొద్దని ఎందుకందో రాజులమ్మ, పిచ్చిది, అనుకున్నాడు.

సుక్రు చెప్పేది ఇంకా అయిపోలేదు. కొండలవైపు తిరిగి, రెండు చేతులూ నుదుటికి ఆనించుకుని, ఆ మాట చెప్పడమే తన పుణ్యమన్నట్టు చెప్పాడు.

"అమ్మోరొచ్చినాది."

పంతులుగారు పీట మీంచి లేచి నిలబడ్డారు. ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకుని, లెంపలు వాయించుకుని, "తల్లీ, తప్పు, తప్పు" అంటూ గోడదాకా జరిగారు. రెండేళ్ళ కిందట వాళ్ళింట్లో అమ్మవారు పోసి తొమ్మిదేళ్ళ కూతురు పోయింది. ఆ మాట చెవిన పడిందంటే ఆయనకి ఇంకో అర్థం తోచదు, తోచమనడం న్యాయమూ కాదు.

"చాలు, చాలు. ఇంక నువ్వు మాట్లాడకు. కిందికి దిగు" అని సుక్రుని చేత్తోనే మెట్ల కిందికి తోసినట్టు సైగ చేసి, దొరవారి వైపు వంగి ఇంగ్లీషులో చెప్పారు.

అందులో ఒక మాట వరహాలుకి బాగా తెలుసు. బస్రాలో ఓడ దిగగానే చొక్కాలు విప్పించి, వరసలో నిలబెట్టి, భుజాలు గీరి టీకాలు వేసిన తెల్ల డాక్టరు ఆ మాటే పదేపదే అనేవాడు. స్మాల్ పాక్స్. మశూచి.

వరహాలు సుక్రు వైపు చూశాడు. సుక్రు నవ్వుతున్నాడు.

అప్పుడు తెలిసింది అతనికి. సుక్రు చెప్పింది అది కాదు. మూడేళ్ళ కిందట, కొత్త కందులు తినే కంది కొత్తల పండగకి సుక్రు వాళ్ళ ఊరికి పోయినప్పుడు తుడుముల మోత మధ్య ఒక ఆడమనిషి జుట్టు విరబోసుకుని, నలుగురు పట్టినా ఆగకుండా, ఒళ్ళంతా గజగజలాడిపోతూ పడింది. కళ్ళు తేలేసింది. పళ్ళు బిగించింది. అప్పుడూ ఈ సుక్రే ఇలాగే చేతులు నుదుటికి పెట్టుకుని ఇదే మాటన్నాడు. అమ్మోరొచ్చినాది.

కొండమీద అమ్మోరు రావడమంటే మనిషి ఒంటి మీదికి దేవత దిగడం. కొండ కింద అమ్మోరు రావడమంటే పాడె సిద్ధం చేసుకోవడం. రెండు ఊర్ల మధ్య పాతిక మైళ్ళు లేవు. ఆ వరండాలో ముగ్గురు మనుషులు మూడు భాషల్లో మాట్లాడుకుంటున్నారు. ఆ మూడూ అర్థమైనవాడు ఒక్కడే, వాడు చేతులు కట్టుకుని ఉన్నాడు.

అంటే ఆ రోజు తాను సోలిపోలేదు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడు.

దొరవారు లేచి వచ్చి వరహాలు మొహంలోకి చూశారు. చిన్నప్పుడెప్పుడో పోసిన మచ్చలు చెంపమీద అయిదారున్నాయి. దొరవారు వాటిని వేలితో చూపించి పంతులుగారిని అడిగారు, మరి జమేదారు ఈ సంగతి ఎందుకు రాయలేదు అని. ఈ దేశంలో జనానికి ఆ పేరెత్తడమంటే భయమండి, పేరెత్తితే తల్లికి కోపం వస్తుందనుకుంటారు, అందుకని మూర్ఛ అనీ గిర్ఛ అనీ ఏదో ఒకటి రాసేస్తారు, అన్నారు పంతులుగారు. చెబుతున్నకొద్దీ ఆయన మొహం తేటపడింది. తప్పు ఇప్పుడు జమేదారుదైంది. తన ఇంగ్లీషుకి మచ్చ లేదు.

దొరవారు తలూపారు. మశూచి జ్వరానికి సోలిన మనిషైతే ఫిట్సు లేనట్టే, బండి తోలొచ్చు. కలం అందుకున్నారు. రాయబోతూ ఆగి, వరహాలుని సూటిగా, తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కలతో అడిగారు.

"నువ్వు చెప్పు. అమ్మవారు? నిజమా?"

ఒక్క మాట చాలు. కాదు దొరా, పంతులుగారు పొరపడ్డారు, అంటే అయిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చిందని వరహాలు తరవాత ఎన్నోసార్లు తనకి తాను చెప్పుకున్నాడు. అది నిజమో కాదో మనం చెప్పలేం. ఆ వేళ అతని కళ్ళ ముందు మెదిలింది మాత్రం రాజులమ్మ. స్టేషను గేటు పక్కన రాగుల చోడంబలి కుండ అమ్మకానికి పెట్టుకుని, తలమీద కొంగు కప్పుకుని, తన మొగుడు మూట కింద వంగి నడవడం చూడకుండా ఉండడానికి కుండలోకి చూస్తూ కూర్చునే మనిషి.

"అమ్మోరే దొరా" అన్నాడు వరహాలు.

అబద్ధం కాదు. అయితే అంతకంటే పెద్ద అబద్ధం అతను పుట్టి బుద్ధెరిగి ఆడలేదు.

దొరవారు సంతకం పెట్టారు. పంతులుగారు ముద్ర కొట్టి, లైసెన్సు పుస్తకాన్ని చేతికివ్వకుండా బల్ల చివర పెట్టి వేలితో తోశారు. వరహాలు దాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు. ఏడు నెలలు అతను ఈ క్షణం గురించి కలలు కన్నాడు. కలల్లో ఎప్పుడూ ఏడ్చేవాడు. ఇప్పుడు కళ్ళు పొడిగా ఉన్నాయి.

గేటు దగ్గర సుక్రు గొడ్డలి భుజాన పెట్టుకుని కాచుకుని ఉన్నాడు.

"సెప్పీసినాను బాబూ, సూసినావా? మూర్సంట, మూర్స! తల్లొచ్చిన మనిషిని పట్టుకుని ఏటా మాటలు?"

వరహాలు అతని చెయ్యి పట్టుకుని దారి పక్కకి తీసుకుపోయాడు. "సుక్రూ, ఆ దినం ఏటి సూసినావో బేగి సెప్పు. ఉన్నదున్నట్టు సెప్పు."

"సెప్పకేటి! పుట్టతేనె తీసుకుని దిగుతున్నాను. నీ బండి వస్తన్నాది. వస్తావస్తా ఇలగ వంకర తిరిగినాది. పోయి కొండకి గుద్దీసినాది. గుద్దీసినా ఆగదే! కొండని తవ్వుతాదేటో అన్నట్టు కూతలెట్టినాది. నాను దగ్గిరికి పోయి సూస్తే నీకు తల్లొచ్చీసి ఉన్నాది."

"కొండకి గుద్దిందా? నాను బ్రేకు తొక్కినాను కదా. నాను ఆపినాను కదా."

సుక్రు నోరంతా తెరిచి నవ్వాడు. "నువ్వెక్కడ ఆపినావు బాబూ? నీ కాళ్ళు నీ సెప్పుసేతల్లో ఉంటే కదా? తల్లే ఆపినాది. కొండేపు తిప్పి ఆపినాది. అటేపు తిప్పుంటే ఏటుంది, లోయే కదా."

లారీ ముందు మడ్‌గార్డు నొక్కుకుపోయి ఉండడం వరహాలు చూశాడు. తాను జబ్బులో ఉండగా ఎవరో అనామకుడు తోలి గుద్దాడనుకుని వాణ్ణి తిట్టుకున్నాడు కూడా. ఆ చివరి క్షణంలో కూడా కాలు బ్రేకు మీదికి పోయిందన్నది అతనికి మిగిలిన ఒకే ఒక్క గొప్ప. కూలీలు నవ్వినప్పుడల్లా దాన్ని తలుచుకునే తలెత్తుకున్నాడు. అది కూడా తనది కాదన్నమాట.

"జొరం మూలాన అయ్యుంటాది సుక్రూ. ఒళ్ళు కాలిపోతాంటే అలగే అవుతాది. డాక్టరు సెప్పినాడు."

"జొరమేటి? ఎనిమిదో దినం నీ ఒళ్ళు సల్లగా, కుండలో నీళ్ళలాగ ఉన్నాది. కూకుని జావ తాగుతన్నావు. అప్పుడూ తల్లొచ్చినాది. జావ డొప్ప ఎగిరి నా కోడలి మీద పడినాది. మరసటి దినం నీ ఆడది నిన్ను తీసుకుపోడానికి వస్తే సెప్పినాను. అదృష్టవంతురాలివే అమ్మీ, నీ మొగుడికి తల్లి అలవాటైనాదని సెప్పినాను. అది ఏడిసినాది. సంతోసానికి అనుకున్నాను."

వరహాలు అతని చెయ్యి వదిలి స్టేషను దారి పట్టాడు.

స్టేషను వెనక షెడ్డు దగ్గరికి అతను చేరేసరికి ఆ కబురు అతనికంటే ముందే చేరింది. సాహుకారు లారీకి బంతిపూల దండ వేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, ఉప్పు మూటలు సర్దించి, గడియారం చేత్తో పట్టుకుని తిరుగుతున్నాడు. ఘాటీ అడుగున గేటు నాలుగింటికి మూసేస్తారు. ఈలోపల పాచిపెంట దాటాలి.

"రావయ్యా బస్రా! ఏటి మొహం వేలాడేసినావు? లైసెన్సు వచ్చిందా, రాలేదా? వచ్చింది కదా. మరి ఎక్కు" అన్నాడు సాహుకారు. వరహాలు భుజం తట్టి, కొత్త తుండుగుడ్డ ఒకటి మెడలో వేశాడు.

ఆ రోజు సాలూరు సంత. కొండవాళ్ళు ఎండుచేపలూ, ఉప్పు పొట్లాలూ కొనుక్కుని తిరుగుముఖం పడుతున్నారు. మామూలుగా అయితే లారీ కనపడగానే దారి దిగి చేలో నిలబడతారు. అది మనుషుల్ని మింగి పొగ కక్కుతుందని వాళ్ళలో ముసలివాళ్ళ నమ్మకం. ఆరేళ్ళలో ఒక్క కొండవాడు కూడా ఆ బండి ఎక్కలేదు. పాతిక మైళ్ళయినా నడుస్తారు గానీ ఎక్కరు. ఈ వేళ మాత్రం ఇరవైమంది దాకా షెడ్డు ముందు గుమిగూడారు. మధ్యలో సుక్రు, చేతులు ఊపుతూ తన భాషలో ఏదో చెబుతున్నాడు. వాళ్ళు విని, వరహాలు వైపు చూసి, ఒకరి తరవాత ఒకరు నేలకి వంగి దణ్ణం పెట్టారు. తరవాత బండి ఎక్కడం మొదలెట్టారు. ముందు ఆడవాళ్ళు. ఒక పిల్లతల్లి చంటిబిడ్డని పైనున్నామెకి అందించి, చక్రం మీద కాలు వేసి ఎక్కి, ఉప్పు మూట మీద కూర్చుని మళ్ళీ బిడ్డని తీసుకుని రొమ్ముకి పెట్టుకుంది. సుక్రు డ్రైవరు పక్కసీటు పట్టేశాడు.

"బాగుందయ్యా నీ మహత్యం!" అన్నాడు సాహుకారు, సంబరంగా.

రాజులమ్మ స్టేషను వైపు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. అంబలి కుండ ఎక్కడ వదిలేసిందో, చేతికి అంబలి ఇంకా అంటుకునే ఉంది. మొగుడి మెడలో కొత్త తుండుగుడ్డా, చేతిలో లైసెన్సు పుస్తకమూ చూసి ఆగిపోయింది. వరహాలు ఆమెని నీళ్ళపీపా చాటుకి తీసుకుపోయాడు.

"ఎన్ని తడవలే?" అన్నాడు.

ఏటి ఎన్ని తడవలు అని ఆమె అడగలేదు. కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"ఇంటికొచ్చినాక మూడు. కార్తీకంలో ఒకటి. మాఘంలో ఒకటి. మొన్న మంగళారం మజ్జానం మూటలు దించొచ్చి తొంగున్నావు సూడు, అప్పుడొకటి."

"మొన్న మంగళారమా?"

"లెగిసి, నాలిక కరుసుకున్నాను, కల్లో ఏటో నమిలినాను అన్నావు. ఊఁ అన్నాను."

"ఎందుకు సెప్పలేదే నాకు?"

"ఏటని సెప్పమంటావు మావా?" రాజులమ్మ గొంతు పెరగలేదు. "మూటలెత్తినప్పుడే సగం సచ్చిపోనావు. మిగిలిన సగాన్ని నా నోటితో సంపమంటావా? ఆ దొర లైసెన్సు ఇయ్యడనుకున్నాను. ఇయ్యకపోతే సెప్పాల్సిన పనే ఉండదు కదా, మూటలు మోసుకునే బతుకుదుం కదా అనుకున్నాను. ఇచ్చీసినాడు. ఏటి సూసి ఇచ్చీసినాడో ఆ దొర!"

"డాక్టరు నాను బాగున్నానని రాసినాడు."

"డాక్టరు నీ పక్కలో తొంగోలేదు."

వరహాలు పీపా మీద చెయ్యి ఆనించాడు. అతనికి పెళ్ళాం మీద కోపం రాలేదు. తన ఒంటి మీద తనకే కోపం వచ్చింది. ముప్పై నాలుగేళ్ళు తనదనుకున్న ఒళ్ళు, తనకి తెలియకుండా అయిదుసార్లు ఎక్కడికో పోయి వచ్చింది. పక్కనున్నవాళ్ళు చూశారు, తను తప్ప.

"వరహాలూ! గేటు మూసేస్తారయ్యా!" సాహుకారు కేక.

వరహాలు బండి దగ్గరికి వెళ్ళాడు. పైకి చూసి గట్టిగా అన్నాడు. "దిగండి. అందరూ దిగిపోండి. ఇది ఉప్పుకి బండి, మనుషులకి కాదు."

ఎవరూ కదల్లేదు. సుక్రు సీట్లోంచి తల బయటికి పెట్టాడు. "ఏటి బాబూ? తల్లికి కోపమొచ్చినాదా?"

వరహాలు అతని దగ్గరికి పోయి గొంతు తగ్గించాడు. "సుక్రూ, నీకు దణ్ణం పెడతాను, దించీ వాళ్ళని. దారిలో మళ్ళా వస్తే ఏటవుద్ది? ఘాటీ మీద వస్తే?"

అలా అంటే భయపడతారనుకున్నాడు. సుక్రు మొహం వెలిగిపోయింది. వెనక్కి తిరిగి ఆ మాట తనవాళ్ళకి చెప్పాడు. బండి మీద ఇరవై మొహాలూ వెలిగాయి. పిల్లతల్లి బిడ్డ తల కొంగుతో కప్పి, నుదుటికి చెయ్యి పెట్టుకుంది.

"వస్తే మరేటి బాబూ?" అన్నాడు సుక్రు. "ఆ తల్లి తోలుతాదనే కదా వీళ్ళు ఎక్కినారు? నువ్వొక్కడివే తోలితే ఎక్కుతారేటి?"

ఇంక ఒక్క మాట మిగిలింది. అది అమ్మోరు కాదు, మూర్ఛ. ఆ మాట సుక్రు నమ్మడు. కానీ పదడుగుల దూరంలో గడియారం పట్టుకుని నిలబడ్డ సాహుకారు నమ్ముతాడు. మూటల కూలీలు నమ్ముతారు. సాయంత్రానికి బంగళాలో పంతులుగారి చెవిన పడుతుంది. రేపు పొద్దుటికి దొరవారు, నువ్వు చెప్పు, నిజమా అని తనని అడిగిన సంగతి గుర్తు చేసుకుంటారు. ఏడు నెలలు ఎవరి నోటినుంచి ఆ మాట తుడిచెయ్యడానికి తిరిగాడో, వాళ్ళందరి ముందూ ఇప్పుడు తన నోటితో తనే అనాలి.

వరహాలు నోరు తెరిచాడు. చేతులు మాత్రం వాటికి తెలిసిన పని అవి చేశాయి. సీటు కింద నుంచి హ్యాండిలు తీసి, బండి ముందుకి వెళ్ళి, వంగి, బంతిపూల దండ పక్కకి తోసి, హ్యాండిలు బిగించాడు. ఒక్క తిప్పు తిప్పాడు. ఏడు నెలలుగా ఎవరెవరి చేతుల్లోనో మొరాయించిన ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. కొండవాళ్ళు కేకలు పెట్టారు. సాహుకారు చప్పట్లు కొట్టాడు.

అతను లేచి నిలబడేసరికి రాజులమ్మ బండి పక్కన ఉంది. ఆమె ఎప్పుడూ ఆ బండి ఎక్కలేదు. ఎక్కమంటే, నాకు కడుపులో తిప్పుతాది మావా, అనేది. చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, చక్రం మీద కాలు పెట్టి, పిల్లతల్లి అందించిన చెయ్యి పట్టుకుని పైకెక్కింది. ఉప్పు మూటల మీద ఆమె పక్కనే చోటు చేసుకుని కూర్చుంది.

"నువ్వెందుకే? దిగు!" అన్నాడు వరహాలు. ఇంజను మోతలో అతని గొంతు అతనికే వినపడలేదు.

రాజులమ్మ అతని చెవి దగ్గరికి వంగి, అతనికి మాత్రం వినపడేలా చెప్పింది.

"దిగమనడానికి వీళ్ళందరికీ ఏటి సెప్పాలో నీకు తెలుసు. సెప్తే అందరితో పాటు నానూ దిగుతాను. సెప్పకపోతే, తోలు."

తరవాత ఆమె ఆ బిడ్డని తన ఒళ్ళోకి తీసుకుని, కొండల వైపు తిరిగి కూర్చుంది. సాహుకారు మళ్ళీ గడియారం చూశాడు. బండి వణుకుతోంది. వరహాలు ఇంకా నేలమీదే ఉన్నాడు.